తెర మీది జవాబు

“ఒక్క నిమిషం ఆగమ్మా! గూడెం కోచింగ్ సెంటరు పిల్లవా నువ్వు?”

ఏలూరులో పరీక్ష సెంటరు గేటు ముందు ఒకావిడ స్నేహలత చెయ్యి పట్టేసుకుంది. నలిగిన చీర, చెదిరిన జుట్టు.

“అవునండీ. వదలండి, టైమైపోతోంది.”

తాడేపల్లిగూడెంలో ఎక్కిన బస్సు దారిలో ఆగిపోయి అసలే ఆలస్యం. ఈ ప్రోగ్రామింగ్ పరీక్ష పాసైతే కంపెనీలో ఉద్యోగం. తప్పితే సోమవారం నుంచి అమ్మతో పాటు రొయ్యల షెడ్డులో తలకాయలు తియ్యడమే. నాన్న తెగేసి చెప్పేశాడు.

“ఫంక్షన్ రాసేటప్పుడు జవాబు తెర మీద చూపించి ఊరుకోకు తల్లీ. తిరిగివ్వాలి. రిటర్న్ అని రాయాలి.”

స్నేహలతకి చిర్రెత్తుకొచ్చింది. దారిన పోయేవాళ్ళు కూడా పాఠాలు చెప్పేవాళ్ళే!

“మా సార్ దగ్గర నేనే ఫస్టండీ. జవాబు తెర మీద కనబడితే చాలన్నారు.”

నిజమే, అలాగే అన్నాడు ఆ మహానుభావుడు. వరసల మధ్య తిరుగుతూ తెరల మీదకి తొంగి చూసి, అంకె కనబడితే “శభాష్” అనేసి ముందుకెళ్ళిపోయేవాడు. లోపల ఏం రాశారో చూసే ఓపిక ఆయనకేదీ!

“ఉప్పు తెమ్మని పంపినవాడు వీధిలో నిలబడి ‘తెచ్చాను’ అని అరిచి పోయాడనుకో. నీ చేతికివ్వకపోతే కూరలో ఏం వేస్తావు?” ఆవిడ పట్టు ఇంకా బిగించింది. “రిటర్న్ అను తల్లీ. ఒక్కసారి అను.”

“పిచ్చా ఏంటండీ మీకు!”

చెయ్యి విదిలించుకుని లోపలికి పరిగెత్తింది.

ప్రశ్న తేలికే. చేపల చెరువు నీటి కొలతలిస్తే సగటు కట్టే చిన్న ప్రోగ్రాం ముక్క, అంటే ఫంక్షన్, రాయాలి. రాసింది. తెర మీద సరైన అంకె వచ్చింది. హమ్మయ్య అనుకుని సబ్మిట్ నొక్కింది.

మార్కులు సున్నా.

కింద ఒక్క ముక్క: ‘మీ ఫంక్షన్ ఏ విలువనూ తిరిగివ్వలేదు.’

మార్కులేసే ప్రోగ్రాం తెర వంక చూడదు. ఫంక్షన్ ఏమిస్తే అది అందుకుంటుంది. స్నేహలత ఫంక్షన్ జవాబు చూపించిందే గానీ ఇవ్వలేదు. ఆ సంగతి పాపం ఇప్పుడర్థమైంది. ఇంకొక్క అవకాశం ఇవ్వండి సార్ అంటే ఇన్విజిలేటర్ తల అడ్డంగా ఊపాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బయటికొచ్చి ఆవిడ కోసం వెతికింది. ఎక్కడా లేదు.

“ఇందాకటావిడ ఎవరండీ? కంప్యూటర్ టీచరా?” ఏడుస్తూనే వాచ్‌మన్ పాపారావుని అడిగింది.

“గ్రేసమ్మా? కంప్యూటర్ ముట్టుకునైనా ఎరగదమ్మా. ఆ ఒక్క ముక్కా కొడుకు స్నేహితుల చేత చెప్పించుకుని బట్టీ పట్టింది. ప్రతి పరీక్షకీ వచ్చి మీ కోచింగు పిల్లల్నే వెతుక్కుంటుంది.”

“ఎవరైనా విన్నారా?”

“ఎవరు వింటారమ్మా!”

“మరి ఆ కొడుకే చెప్పొచ్చు కదండీ మాకు?”

పాపారావు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“పోయినేడు మీ సార్ దగ్గరే చదివి, ఇదే తప్పు రాసి, ఇంటికెళ్ళి అమ్మకి మొహం చూపించలేక ప్రాణం తీసుకున్నాడమ్మా.”