ఐదు నిమిషాలు ముందే

సోమవారం నుంచీ ఎవరో తన ఇంటి మీద కన్నేశారని కీనన్‌కి అర్థమైంది.

భార్య రొజానా ఉదయం ఏడింటికి ఆస్పత్రి డ్యూటీకి బయల్దేరుతుంది. ఆమె కారు మలుపు తిరగ్గానే ఎదురుగా మామిడిచెట్టు కింద ఇంకో కారు వచ్చి ఆగుతుంది. తొమ్మిదింటికి అది పోతుంది, మరొకటి వస్తుంది. పదకొండింటికి ఇంకొకటి. సాయంత్రం రొజానా ఇంటికి రాగానే వీధి ఖాళీ.

మామూలు మనిషైతే పట్టించుకోడు. కీనన్ పన్నెండేళ్ళు సైన్యంలో చేసి, నడుం విరగ్గొట్టుకుని, కంటికి కునుకు లేని మనిషై బయటికొచ్చాడు. ప్రతి కారూ ఐదు నిమిషాలు ముందే వస్తోంది. ఆస్ట్రేలియాలోని ఈ టౌన్స్‌విల్ ఎండలో రెండు గంటలు కదలకుండా కూర్చుంటోంది. సైన్యం తిండి తిన్నవాడు తప్ప అలా ఎవడు కాస్తాడు? మొహాలు మాత్రం ఒక్కటీ తెలిసినవి కావు.

ఇంకెవరు, పెన్షన్ ఆఫీసు వాళ్ళే! గాయం నిజమో నాటకమో తేల్చడానికి మాజీ సైనికుల్నే నిఘాకి పెడతారని క్లబ్బులో ఎవరో అనగా విన్నాడు.

మంజూరు ఉత్తరం శుక్రవారం రావాలి. అదొక్కటి వస్తే రొజానాకి జీవితాంతం లోటుండదు. ఈలోగా తను ఏ బరువో ఎత్తుతూ వాళ్ళ కెమెరాకి చిక్కాడా, అంతా గంగపాలే.

అందుకే వారమంతా ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాడు. షెడ్డులోని పనిముట్లన్నీ పక్కింటి వారెన్‌కి ఇచ్చేశాడు, మోసుకెళ్ళడం కూడా వారెన్ వంతే. కుక్క అంతకుముందే చెల్లెలింటికి చేరింది. కూర్చుని చేసే పని కాబట్టి ఇంటి తాళాలన్నిటికీ పేర్లు రాసి చీటీలు కట్టాడు. శుక్రవారం మధ్యాహ్నానికి రొజానాకి ఇంగమ్‌లో వాళ్ళక్క దగ్గరికి బస్సు టికెట్ కూడా తీశాడు.

"నువ్వూ రావచ్చుగా?" అంది రొజానా.

"ఈ నడుంతో బస్సులోనా? నువ్వెళ్ళి నాలుగు రోజులు హాయిగా ఉండు."

ఆమె కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడిగింది.

బుధవారం ఉండబట్టలేక, సైన్యం వదిలినవాళ్ళకి సాయం చేసే కేంద్రానికి ఫోన్ చేశాడు. మెరిల్ ఎత్తింది. పోయిన నెల ఆవిడ పలకరించడానికి ఇంటికొస్తే మొహం మీదే తలుపేశాడు. ఇంకెవరైనా తన గుమ్మం తొక్కితే పోలీసుల్ని పిలుస్తానని కేకలు కూడా వేశాడు.

"నా ఇంటి ముందు ఎవరో కాపు కాస్తున్నారు. మీకేమైనా తెలుసా?"

మెరిల్ ఎదురు ప్రశ్న వేసింది.

"మీ గుమ్మం ఎవరైనా తొక్కారా, కీనన్ గారూ?"

"లేదు."

"మరింకేం. వీధి అందరిదీ కదండీ."

అంటే అందరూ ఒక్కటే! కీనన్ ఫోన్ పెట్టేశాడు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఐదు నిమిషాల ముందు ఒక ముసలాయన వచ్చాడు. నాలుగు దాటాక కీనన్ ఇంటి పక్క దొడ్లోకి వెళ్ళి షెడ్డు తాళం తీశాడు. వెంటనే కారు తలుపు చప్పుడైంది. ముసలాయన ఆయాసపడుతూ కంచె దాకా వచ్చేశాడు.

"ఖాళీ షెడ్డులో ఏం పని అబ్బాయ్?"

ఖాళీ అని ఇతనికెలా తెలుసు?

"నీకెందుకయ్యా? ఎవరు పంపారు నిన్ను?"

"ఐదింటిదాకా నా డ్యూటీ. నువ్వు లోపలికి పోతే నేనూ కంచె దూకుతా. మోకాలు పోతే పోనీ."

"దూకు! ఫోటోలు తీసుకో! రేపటితో మీ అందరికీ సెలవేలే."

ముసలాయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

కీనన్ నడుం నొప్పి సంగతే మర్చిపోయాడు. చేతికర్ర కూడా లేకుండా గేటు తోసుకుని ఆ కారు దగ్గరికి వెళ్ళి తలుపు లాగాడు. ముసలాయన ఆపలేదు.

లోపల కెమెరా లేదు. ఒక మంచినీళ్ళ సీసా, సగం తిన్న శాండ్‌విచ్, సీటు మీద అట్టకి తగిలించిన, మెరిల్ వాళ్ళ కేంద్రం పేరున్న కాగితం. కాగితంలో రోజులు, గంటలు, వాటి ఎదురుగా పదకొండు పేర్లు ఉన్నాయి.

పేర్లకి పైన రొజానా చేతిరాత: "శుక్రవారం నన్ను ఊరికి పంపేసి ప్రాణం తీసుకోబోతున్నాడు, పలకరిస్తే తలుపేసుకుంటాడు, అందుకని దూరంగానే ఉండండి గానీ నేను ఇంట్లో లేనప్పుడు ఆయన మీంచి ఒక్క క్షణం కూడా చూపు తిప్పకండి."