గీత పడని తాళం

ఆ పొద్దున మబ్బు కురవనూ లేదు, విడవనూ లేదు. చుట్టపుచూపుకొచ్చి కదలని మనిషిలా ఇంటికప్పు మీదే కూచుంది.

తల్లి మెడలో తాడు పైకి లాగి, దానికున్న తాళంచెవితో రేకుడబ్బా తెరిచింది. రోజూ ఇచ్చే చిటికెడు గంజాయి కాగితంలో మడిచి కొడుకు చేతిలో పెట్టింది. కొడుకు కాగితం వంక చూడలేదు. డబ్బాలోకి చూశాడు.

"అమ్మా, ఇది ఇంత అడుక్కి దిగిందేం?"

"సర్దుకుని ఉంటుందిరా. డబ్బా కదిపితే పిండి మాత్రం దిగదూ?"

చప్పున మూతపెట్టి తాళం నొక్కేసింది. కొడుకు తప్పు తల్లి కడుపులో దాచుకుంటోందని అతనికి అర్థమైంది. ఆ దయ చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

అతను తాళాలు బాగుచేస్తాడు. వీధి మలుపులో గుమ్మమంత కొట్టు. ఊరి తలుపులన్నిటికీ ధైర్యం చెప్పే మనిషికి తన తలుపు మీదే నమ్మకం లేదు. తాళం వేసి నాలుగడుగులు వేసేసరికి గుండె దడదడలాడేది. వెనక్కొచ్చి లాగి చూసేవాడు. వెళ్ళేవాడు, మళ్ళీ వచ్చేవాడు. ఏళ్ళ తరబడి ఇదే. ఆ భయానికి మాత్రలున్నాయి. మాత్రలు చాలనిరోజున ఎవరో దమ్ము కొట్టడం నేర్పారు. మొదట్లో ఒక్క దమ్ముకే గుండె చెప్పినమాట వినేది. పోనుపోను ఎంత పీల్చినా పెడచెవిన పెట్టింది.

"మాత్రలు మానకు. దీన్ని మాత్రం ఒక్కసారిగా తెంచకు, భయం తిరగబెడుతుంది. కొంచెం కొంచెంగా దించుదాం," అంది డాక్టరమ్మ. "డబ్బా నీ దగ్గర ఉండకూడదు. ఇలా కూడా కుదరకపోతే ఆస్పత్రిలో ఉంచి చూడాలి."

డబ్బాకి అతనే తాళం అమర్చాడు. చెవి తల్లి మెడలో పడింది.

అప్పట్నుంచీ తల్లి తేరుకుంది. ఇదివరకు పడుకున్నదల్లా లేచి గడియ చూసి వచ్చేది. ఇప్పుడు తల వాలిస్తే తెల్లారడమే. పిడికెడు మెతుకులతో లేచిపోయే మనిషి కాస్త ఒళ్ళు కూడా చేసింది. కొడుకు దారిన పడ్డాడన్న నిశ్చింత అన్నారు ఇరుగుపొరుగువాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా అతను చూపు తిప్పుకునేవాడు.

భోజనాల వేళకి అక్కా బావా వచ్చారు. బావ చెప్పులు విప్పకముందే నోరు విప్పాడు.

"ఏం బావమరిదీ, ఊళ్ళో తాళాలన్నీ క్షేమమేనా?"

"క్షేమమే బావా."

"అత్తయ్య మొహం చూడరా, పెళ్ళినాటి ఫొటోలోలా ఉంది. ఇదివరకు నేనిలా గుమ్మం దాటగానే గడియ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టేది. నా మొహం చూసే అనుకునేవాణ్ణి."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. అల్లుడి ముందు తన పరువు కాయడానికే ఆ నవ్వంతా అనుకున్నాడు కొడుకు.

వంటింట్లోంచి అక్క కేకేసింది. "అమ్మా, పాలగిన్నె మళ్ళీ మాడ్చావేం? తోమలేక చస్తున్నా. పొద్దున పూట కూడా పాలేమిటే?"

"నీరసమే తల్లీ."

అతనికిక ఆగలేదు. "బావా, డబ్బా తగ్గిపోతోంది."

బావ డబ్బా కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి తాళం తిప్పితిప్పి చూశాడు.

"గీత కూడా పడలేదు. చెవి అత్తయ్య మెడ దిగదు. గీత పడకుండా తాళం తియ్యగలిగేది ఈ ఇంట్లో ఎవర్రా?"

"నేనే."

"ఎప్పుడు తీశావు?"

"గుర్తులేదు బావా. తాళాలు తీసే తీగముక్కలన్నీ కొట్లోనే వదిలేసి వస్తున్నా. అయినా తగ్గుతోంది. నిద్దట్లో నా చేతులే నన్నడక్కుండా లేస్తున్నాయేమో." ఆ చేతుల్ని ఒళ్ళో దాచుకున్నాడు. "రేపే ఆస్పత్రిలో చేర్చండి. కొట్టు మూసేస్తా."

అక్క మసిచేతులతోనే గుమ్మంలో నిలబడిపోయింది. బావ డబ్బా కింద పెట్టాడు.

"ఉండరా. నువ్వు దమ్ము దట్టించావో లేదో తెలియడానికి కళ్ళు చూడక్కర్లేదు, కంచం చూస్తే చాలు. మూడోసారి అన్నం పెట్టమన్నావంటే దొరికినట్టే. నీ చిటికెడు వాటాకి ఆ ఆకలి పుట్టదు. ఇవాళ చూద్దాం. కంచం మూడోసారి జరిగిందా, సంచీ సర్దుకో."

తల్లి నవ్వు ఆగిపోయింది. తాడుకున్న చెవిని పిడికిట్లో బిగించింది.

"అక్కడ తలుపులకి బయటినుంచి గడియ పెడతారట కదా బాబూ?"

"వాడి మంచికే అత్తయ్యా."

నలుగురూ కూచున్నారు. అక్క గిన్నె దగ్గర పెట్టుకుని వడ్డించింది. అందరి కళ్ళూ అతని కంచం మీదే. కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది. కడుపు నిండా సిగ్గే ఉంటే అన్నానికి చోటెక్కడిది? సగం తిని చెయ్యి ఆపేశాడు.

అక్క గరిటె గిన్నెలో పెట్టబోయింది.

తల్లి తలెత్తకుండా మూడోసారి తన కంచం ముందుకు జరిపింది.