ఊరికే వచ్చిన పుల్లీ

“అది నాకిచ్చేసి, ఇది తీసుకోండి సార్.”

రవికిరణ్‌కు అర్థం కాలేదు.

నూజివీడులో శౌరి మెకానిక్ షెడ్డు. ఆ మనిషి బస్సు దిగి నడిచొచ్చినట్టున్నాడు. యాభై దాటి ఉంటాయి. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. సంచిలోంచి కొత్త పుల్లీ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

ఇంజిన్ ముందు భాగంలో, క్రాంకు అనే ఇరుసు చివర తిరిగే చక్రం అది. బెల్టులు దాని మీదే నడుస్తాయి. రవికిరణ్ కారులో పాడైంది అదే.

కారు ఇరవై రెండేళ్లది. వేగం కోసమే తయారైనది. ఆగిరిపల్లి దగ్గర తన మామిడితోట కోతకొచ్చినా, రవికిరణ్ ధ్యాసంతా ఆ కారు మీదే. ఆదివారం దాన్ని రేసు ట్రాక్ మీద పరుగెత్తించాలి. పక్క సీట్లో నేనే కూర్చుంటానని కూతురు తేజస్వి ముందే మాట తీసుకుంది.

ఏ పుల్లీ వేయాలన్నదే ఆర్నెల్లుగా తేలలేదు.

కంపెనీ పుల్లీలో రెండు ఇనుప చక్రాల మధ్య రబ్బరు ఉంటుంది. బరువు. పైగా కారు పాతదై ఎక్కడా దొరకడం లేదు. అల్యూమినియంది తేలిక. రబ్బరు ఉండదు. ఇంజిన్ చురుగ్గా తిరుగుతుంది. పాత కార్ల వాట్సాప్ గ్రూపులో సగం మంది అదే వేయమన్నారు. మిగతా సగం వద్దే వద్దన్నారు. గ్రూపులో ఒకతను విజయవాడలో చేయించి అక్కణ్నించే పార్సిల్ పంపిస్తే, రవికిరణ్ అల్యూమినియంది కొన్నాడు గానీ బిగించడానికి ధైర్యం చాలలేదు.

ఇప్పుడు ఈ మనిషెవరు?

“ఎంతిమ్మంటారు?”

“ఏమీ వద్దండి. మీ అల్యూమినియంది ఇవ్వండి చాలు.”

“నా దగ్గరుందని మీకెవరు చెప్పారు?”

“కనుక్కున్నానండి.”

“అది మీకెందుకు?”

“అది వేస్తే ఇంజిన్ అదురంతా క్రాంకు మీద పడుద్దండి. రబ్బరుంటే ఆ అదురు అది మింగుద్ది. వేగంలో ఉండగా ఏదన్నా విరిగిందంటే...” ఆగాడు. “లోపల మనుషులుంటారు గదండీ.”

“ఇదంతా మీకెలా తెలుసు?”

ఆ మనిషి తల దించుకున్నాడు.

“చెప్తే మీకు కోపం వచ్చుద్దండి.”

శౌరి రవికిరణ్‌ను పక్కకు పిలిచాడు.

“రవిగారూ, కొత్త కంపెనీ ఒరిజినల్ ఎవడన్నా ఊరికే ఇస్తాడా? ఇదన్నా దొంగ సరుకై ఉండాలి. లేదా మన అల్యూమినియం దాన్లో ఏదో గొప్ప ఉండాలి. అందుకే దాని మీద కన్నేశాడు.”

రవికిరణ్‌కు రెండూ నిజమే అనిపించాయి. రెండూ కాదేమో అని కూడా అనిపించింది. మొహం చూస్తే దొంగలా లేడు. మాట చూస్తే ఏదో దాస్తున్నాడు.

“నేనివ్వను. వెళ్లండి.”

“పోనీ ఇవ్వొద్దండి. బిగించకండి, అంతే.”

“వెళ్తావా, పోలీసుల్ని పిలవమంటావా?”

ఆ మనిషి ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. కొత్త పుల్లీని బల్ల మీదే వదిలేసి, ఎండలో బస్టాండు వైపు నడిచాడు.

మర్నాడు రవికిరణ్ రెండు పుల్లీలనూ రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఇంత చెప్పాడంటే ఏదో ఉందనిపించింది. ఎవడో చెబితే నేను వినడమేంటనీ అనిపించింది.

“అల్యూమినియందే వెయ్ శౌరీ.”

మైలవరం రోడ్డెక్కాక కారు నిజంగానే రెక్కలొచ్చినట్టు దూసుకుపోయింది. మామిడికాయల లారీని దాటుతూ రవికిరణ్ గట్టిగా తొక్కాడు.

కాళ్ల కింద సన్నటి వణుకు.

తొక్కడం తగ్గించాడు. వణుకు ఆగలేదు. కారు పక్కకు తీసి, షెడ్డు దాకా లాగించుకొచ్చాడు.

శౌరి పుల్లీ విప్పి వెలుతురులో తిప్పి చూశాడు. మధ్య భాగంలో వెంట్రుకంత చీలిక.

“ఇంకొంచెం తొక్కుంటేనా...” అన్నాడు శౌరి.

రవికిరణ్ పక్క సీటు వైపు చూశాడు.

ఆ మనిషి వదిలేసి వెళ్లిన పుల్లీ బిగించారు. ఇంజిన్ కుదురుగా తిరిగింది. రవికిరణ్ మనసు మాత్రం కుదురుకోలేదు. దొంగైతే ఊరికే ఎందుకిచ్చాడు? మంచివాడైతే తనెవరో ఎందుకు చెప్పలేదు?

శనివారం పొద్దున విరగబోయిన పుల్లీ తీసుకుని విజయవాడ వెళ్లాడు. పార్సిల్ డబ్బా మీదున్న చిరునామా దగ్గర షట్టరు మూసి ఉంది. పక్కనే బోల్టుల కొట్టు. కొట్లో దయామణి అనే ఆవిడ కూర్చుని ఉంది.

“ఇది చేసినవాడు కావాలండీ. నాలుగు దులిపేసి పోదామని వచ్చాను.”

ఆవిడ పుల్లీ వంక చూసింది.

“పాల్ రాజు అన్నయ్యా? లేడండి. పొద్దున్నే రైలెక్కాడు. చెన్నైలో ఎవరి దగ్గరో పనికి కుదిరాడు.”

“నాసిరకం సరుకు చేసి పారిపోయాడన్నమాట!”

“అంత మాటనకండి. ఎక్కడో ఒకాయన కారులో అన్నయ్య చేసిన పుల్లీ విరిగిందంట. మనిషి బతికాడనుకోండి. ఆ కబురు విన్నాక అన్నయ్య మళ్లీ లేత్ మిషను ముట్టుకోలేదు. అమ్మేశాడు.”

“ఆ డబ్బు జేబులో వేసుకుని చెన్నై వెళ్లాడా?”

“జేబులో ఏముందండీ, రైలు టిక్కెట్టు నేనే కొనిచ్చాను” అంది దయామణి. “ఉన్నదంతా పెట్టి ఎక్కడెక్కడి నుంచో ఒరిజినల్ పుల్లీలు తెప్పించి, తన దగ్గర కొన్నవాళ్లందరి ఊళ్లూ బస్సుల్లో తిరిగి మార్చొచ్చాడు, ఆఖరిది మొన్న నూజివీడులో ఒకాయన దగ్గర వదిలేసి వచ్చి, ఆయన బిగించుకున్నాడో లేదోనని రైలెక్కేదాకా అదే దిగులండి.”