కాలువగట్టు మీద ముప్పై గుడారాలు

“మొదట నా అభిప్రాయం రాసుకోండి మేడం,” అంటూ లక్ష్మీకాంత్ లేచి నిలబడ్డాడు.

బిందుమాధవి కాగితం సర్దుకుని పెన్ను పట్టుకుంది. గ్రామ సచివాలయంలో ఉద్యోగంలో చేరి ఏడాదయింది. రోడ్డు వెడల్పు గురించి కాలనీవాళ్ళు ఏమంటారో ఉన్నది ఉన్నట్టు రాయడమే ఈ రోజు ఆమె పని. పక్కన పెద్ద అధికారి కూర్చుని వాచీ చూసుకుంటున్నాడు.

“దర్శి రోడ్డు వెడల్పు చెయ్యాల్సిందే,” అన్నాడు లక్ష్మీకాంత్. “పత్తి రోజుల్లో ఎదురుగా లోడు ట్రాక్టరు వస్తే స్కూలు ఆటో పొలంలోకి దిగాల్సొస్తోంది. రోడ్డు పడాలంటే కాలువగట్టు మీద గుడారాలు తీసెయ్యాలి. అది ప్రభుత్వ స్థలం. అక్కడ ఉండే హక్కు ఎవరికీ లేదు.”

కమ్యూనిటీ హాలంతా చప్పట్లు కొట్టింది. లక్ష్మీకాంత్ ఈ కాలనీలో ఇల్లు కట్టుకుని మూడేళ్ళే అయినా సంఘానికి ఆయనే అధ్యక్షుడు. వీధిలైట్లు వచ్చినా, సైడు కాలువలు వచ్చినా ఆయన తిరిగి తిరిగి సాధించినవే. ఆయన మాట కాదనేవాళ్ళు లేరు.

మిరపకాయల కోతలకొచ్చిన కూలీలు కోతలయ్యాక కూడా వెళ్ళకుండా గట్టు మీదే ఉండిపోయారు. వాళ్ళకి తోడు ఎక్కడెక్కడి నుంచో మరికొందరు చేరారు. మొత్తం ముప్పై గుడారాలు.

రైతు యలమంద లేచాడు. “వాళ్ళ పిల్లలు రోడ్డు మీదే ఆడుకుంటున్నారండీ. మొన్న ఎరువు కట్టలేసుకుని వస్తుంటే ఒకడు ట్రాక్టరుకి అడ్డంగా పరిగెత్తాడు. బ్రేకు పడబట్టి సరిపోయింది. రేపు ఎవడన్నా చక్రం కింద పడితే ఆ పాపం నాకు చుట్టుకోదా?”

“ఆడా మగా అందరూ ఆ కాలవకే పోతారు,” అంది సుబ్బరావమ్మ. “ఆ నీళ్ళే మా ట్యాంకులోకి వస్తాయి. పైకి చెప్పుకోలేక చస్తున్నాం.”

రోడ్డు పక్కన పంక్చరు షాపు నడిపే మాబు సాహెబ్ మెల్లగా చెయ్యెత్తాడు. “రోడ్డులో నా షాపు కూడా పోద్దండీ. పోనీయండి. కానీ ఇది వానాకాలం. ఇంకో చోటు చూపించి అప్పుడు లేపండి వాళ్ళని.”

“ఎంతమందికని చూపిస్తాం సాహెబ్ గారూ? ఇక్కడ చోటిస్తే రేపు ఇంకో ముప్పై వస్తాయి,” అన్నాడు లక్ష్మీకాంత్.

అధికారి తలెత్తాడు. “గుడారాల వాళ్ళు ఎవరన్నా మాట్లాడతారా?”

గుమ్మం దగ్గర నిలబడ్డ ఓ యువతి చంకలో పాపతో రెండడుగులు ముందుకొచ్చింది. సుభానీ భార్య అని ఎవరో గుసగుసలాడారు. సుభానీ లారీల మీదకి మిర్చి బస్తాలు ఎక్కించేవాడు. వేసవిలో పైనుంచి పడి నడుం విరిగింది.

“మేం రోడ్డుకి అడ్డం కాదండీ,” అందామె. “ఇంకో చోటు చూపిస్తే రేపే పోతాం. మా ఆయన లేచి కూర్చోలేడు. ఈ వానల్లో మోసుకుని ఎక్కడికి పోను?”

“ఇన్ని ఊళ్ళుండగా ఈ ఊరే దొరికిందా?” లక్ష్మీకాంత్ అధికారి వైపే చూస్తూ అడిగాడు.

ఆమె పాపని ఇంకో చంకకి మార్చుకుంది. “ఈ ఊళ్ళో అయితే పట్టించుకునేవాళ్ళుంటారనుకున్నానండీ.”

సుబ్బరావమ్మ మనసు కొంచెం కరిగింది. “నీకు పుట్టింటివాళ్ళు లేరా అమ్మాయ్?”

“ఉన్నారండీ.”

“మరి వాళ్ళ దగ్గరికి పోరాదూ?”

“మూడుసార్లు పోయాను పిన్నిగారూ. పాపని చూపిద్దామని కూడా పోయాను. తలుపు తియ్యలేదు.”

“కడుపున పుట్టినదానికి తలుపు తియ్యని వాళ్ళు మనుషులేనా!” అంది సుబ్బరావమ్మ.

పాప ఏడుపు అందుకుంది.

“సార్, వాళ్ళ ఇంటి గొడవలు విని మనమేం చేస్తాం?” లక్ష్మీకాంత్ గొంతు హెచ్చింది. “రోడ్డు సంగతి తేల్చండి. ఆ పాపని బయటికి తీసుకెళ్ళమనండి, ఒక్కళ్ళ మాటా వినపడటం లేదు.”

ఆమె కదల్లేదు. పాప వీపు తడుతూ అక్కడే నిలబడింది.

గుడారాలు తీసెయ్యాలనేవాళ్ళని అధికారి చేతులెత్తమన్నాడు. మాబు సాహెబ్, ఇంకో ఇద్దరూ తప్ప అందరూ ఎత్తారు. సుబ్బరావమ్మ ఒక క్షణం తటపటాయించి, అటూ ఇటూ చూసి తనూ ఎత్తింది. లక్ష్మీకాంత్ అందరికన్నా ముందే ఎత్తాడు.

“శుక్రవారం పొద్దున జేసీబీ మిషను వస్తుంది,” అని అధికారి లేచాడు. “గుడారాల వాళ్ళ వివరాలు తీసుకోమ్మా. ఇళ్ళ స్థలాలు వచ్చినప్పుడు చూద్దాం.”

ఆ స్థలాలు ఎప్పుడొస్తాయో బిందుమాధవి అడగలేదు. ఆయన చెప్పలేడని తెలుసు.

బయట వాన మొదలైంది. జనం గొడుగులు విప్పుకుంటూ వెళ్ళిపోతున్నారు. గుమ్మం దగ్గర సుభానీ భార్య ఒత్తిగిలి దారిచ్చింది. లక్ష్మీకాంత్ ఆమెని దాటి తలొంచుకుని మెట్లు దిగాడు. పాప అతని చొక్కా వైపు చెయ్యి చాచింది. ఆమె ఆ చెయ్యి వెనక్కి లాక్కుంది.

బిందుమాధవి ఆమెని పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టింది. నీళ్ళ సీసా ఇచ్చింది. తను రాసిన కాగితాల్లో ఈ మనిషి చెప్పింది రెండు లైన్లే ఉంది. ఎందుకో సిగ్గేసింది.

“పేరు చెప్పమ్మా.”

“భవ్య.”

“భర్త పేరు?”

“షేక్ సుభానీ.”

“తండ్రి పేరు?”

భవ్య పాప మొహం కొంగుతో తుడిచింది. “అది రాయకపోతే కుదరదా మేడం?”

“ఖాళీ వదిలితే దరఖాస్తు తీసుకోరమ్మా.”

భవ్య వానలోకి చూసింది.

“లక్ష్మీకాంత్ గారు.”