వెంకటప్ప బండ

"బండ మాత్రం మీదే కావాలన్నా," అన్నాడు పాస్టర్ దేవదానం.

ఓబుళేశు చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.

రాష్ట్రస్థాయి బండలాగుడు పోటీలు తమ ఊళ్ళో పెట్టించాలని కమిటీ మూడేండ్లుగా కాళ్ళరిగేలా తిరిగింది. ముప్పై జతల ఎద్దులకు, అంత జనానికి జాగా ఎవరిస్తారు? చివరికి చర్చివాళ్ళు ముందుకొచ్చారు. రోడ్డు అవతల ఉన్న తమ బీడు బరికి ఇచ్చారు. ఎద్దులకు నీళ్ళ ట్యాంకర్లు, మనుషులకు రెండుపూటలా భోజనం తామే చూసుకుంటామన్నారు. ఎద్దుల యావ లేని వీళ్ళకు ఇదేం సంబరమో ఓబుళేశుకు అంతుపట్టలేదు.

ఇప్పుడు పట్టింది. తన తండ్రి వెంకటప్ప బతికుండగా లారీలో తెప్పించి దింపించిన రెండు టన్నుల నల్లరాయి అది. దాని విలువ వీళ్ళకూ తెలుసన్నమాట!

"మీ నాయన పేరు బండ మీద పెద్దక్షరాలతో రాయించుకో అన్నా. ఒకటే మాట. మావాళ్ళెవరూ దాని మీద చెయ్యెయ్యరు. మీ మనుషులు, మీ ఎద్దులే బరిలోకి ఈడ్చుకురావాల."

"మర్యాద తెలిసినోడివప్పా పాస్టరూ!"

ఇంటికొచ్చి చెబితే భార్య నాగలక్ష్మమ్మ మొహం అదోలా పెట్టింది. "అది కాదు, ఆ బండ ఈ పొద్దు..."

"మా నాయన బండ! నువ్వు పోయి ఎద్దులకు ఉలవలు ఉడకెయ్యి."

అతని దిగులు వేరే. మూడేండ్లుగా అన్ని చోట్లా నంద్యాల జతే గెలుస్తోంది. సొంతూళ్ళో, నాయన పేరున్న బండతో కూడా ఓడిపోతే ఇక తలెత్తుకు తిరగలేడు.

పోటీ రోజు వచ్చింది. కాళ్ళు పడిపోయిన గిడ్డమ్మను, ప్రతి ఆదివారం రోడ్డు మీదే ఆటోలోంచి దించి చర్చికి మోసుకుపోయే కుర్చీలోనే, బరి పక్కకు మోసుకొచ్చారు.

"నీ ఎద్దులే గెలవాలని మూడు దినాలుగా ఒంటిపూట తింటాండా నాయనా," అంది గిడ్డమ్మ. "మా సంఘమంతా ప్రార్థన చేస్తాండారు."

ఓబుళేశుకు కళ్ళు చెమర్చాయి. ఊళ్ళో తన మంచి కోరేవాళ్ళు ఇంతమంది ఉన్నారని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

నంద్యాల జత ఇరవై నిమిషాల్లో మూడువేల నూట పది అడుగులు లాగింది. ఓబుళేశు జత ఆఖరున దిగింది. మూడువేలు దాటాక ఎడమ ఎద్దు మోకాళ్ళ మీద పడింది. చర్చివాళ్ళు గొంతులు చించుకుని అరిచారు. ఎద్దు లేచింది. విజిల్ పడేసరికి పదకొండు అడుగులు ఎక్కువ!

ఎద్దు మెడ కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు ఓబుళేశు.

దేవదానం మెల్లగా పక్కకొచ్చాడు. "అన్నా, బండను మళ్ళీ దాని జాగాలో పెట్టిచ్చుకుంటావా?"

"ఏం మాటప్పా అది? గెలిచిన బండను మళ్ళీ తీస్కపోయి కంపచెట్లలో పడేస్తానా? మా ఇంటి గేటు ముందర నిలబెట్టిస్తా!"

"నీ ఇష్టమన్నా. ఆ మాటేదో మైకులో చెప్పు, అందరూ వింటారు."

చెప్పాడు. అందరికన్నా గట్టిగా చర్చివాళ్ళే చప్పట్లు కొట్టారు.

ఆదివారం పొద్దున ఓబుళేశు గేటు ముందర నిలబడి బండకు బంతిపూల దండ వేస్తున్నాడు. రోడ్డు మీద ఆటో చప్పుడు వినబడి తలెత్తాడు.

వెంకటప్ప చర్చి దారికి అడ్డంగా ఆ బండ వేయించి, వాళ్ళెవరూ దాన్ని ముట్టుకోకూడదని కోర్టు ఆర్డరు తెచ్చిన పదకొండేండ్ల తర్వాత మొదటిసారి, గిడ్డమ్మ ఎక్కిన ఆటో రోడ్డు మీద ఆగకుండా నేరుగా చర్చి మెట్ల దాకా పోయింది.