కనబడని లివర్లు

క్లచ్‌కు చేతి లివరు. బ్రేకుకు ఇంకొకటి. నడుము వంగిపోకుండా సీటుకు పట్టీ. పెడల్ మీద నుంచి బూటు జారిపోకుండా ఇనుప కొక్కేలు. ఇవన్నీ ఆదివారం పొద్దుటికల్లా తయారవ్వాలి. పైగా ఒక్కటి కూడా బయటికి కనబడకూడదు.

ఆ చివరి మాట ట్రాక్టరు తెచ్చిన విజయేందర్‌ది. యాభై ఏళ్ల నాటి పొలం బండి అది. బానెట్ మీద ఎర్రరంగు ఇంకా వెలిసిపోలేదు. బన్సీలాల్‌పేట్‌లో తన వెల్డింగ్ షెడ్డు ముందు దాన్ని దింపుతుంటేనే రాములు మనసు పారేసుకున్నాడు.

"గిట్లాంటి బండికి పైపు ముక్కలు అతికిస్తే పాపం తగుల్తది సార్," అన్నాడు. "రాడ్లన్నీ ఫుట్‌బోర్డు కిందికెళ్లి తీస్త. లివర్లు మడ్‌గార్డుల చాటున దాస్త. కంపెనీల ఎట్ల పుట్టిందో అట్లనే ఉండాలె."

"గదే కావాలె. మనోడు సుత పదిమందిల చిన్నబోవద్దు," అన్నాడు విజయేందర్.

ఆ మనోడు కన్నారావు. కొలతల కోసం ఇద్దరు మనుషులు అతన్ని ఆటోలోంచి ఎత్తి దింపారు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇరవయ్యేళ్లు ట్రాక్టర్లు నడిపాడు. రెండేళ్ల క్రితం సీతాఫల్‌మండిలో రోడ్డు పక్కన నడుస్తుంటే లారీ గుద్దింది. నడుము కింద చీమ కుట్టినా తెలియదు. భార్య గవరమ్మ నాలుగిళ్లలో వంట చేసి ఇల్లు నెట్టుకొస్తోంది.

"కోర్టులో కేసు నడస్తంది బావూ. ఈయనే నడవడు," అంది గవరమ్మ, నవ్వకుండా.

విజయేందర్ వాళ్లకు చెప్పింది ఒక్కటే. బండి నడపగలిగితే కీసర దగ్గర తన తోటలో డ్రైవరు పని, ఉండటానికి ఒక గది. కన్నారావు ఆ మాట పట్టుకుని వారం రోజులుగా నిద్రపోలేదు.

రాములు నాలుగు రోజులు వేరే పని ముట్టలేదు. తన మోకాళ్లను తువ్వాలుతో కట్టేసుకుని సీటెక్కి, చేతులతోనే నడిపి చూశాడు. యాక్సిలరేటరు ఎలాగూ చేతి కిందే ఉంటుంది. లివరు లాగితే రాడ్డు కదలాలి, రాడ్డు కదిలితే పెడల్ దిగాలి. మూడోసారి విప్పి బిగించాక గాని అతనికి తృప్తి కలగలేదు.

ఆదివారం బండిని ఖాళీ మైదానానికి తీసుకెళ్లారు. విజయేందర్ కొత్త ప్యాంటు, కొత్త బూట్లు తెచ్చాడు. కన్నారావును సీట్లో కూర్చోబెట్టి, పట్టీ బిగించి, దాని మీద చొక్కా సర్దారు. బూట్లను కొక్కేలకు తగిలించారు.

కన్నారావు ఎడమ చేత్తో లివరు లాగాడు. పెడల్ కిందికి దిగింది. దానితోపాటే బూటూ దిగింది.

అతను వంగి చూసుకున్నాడు.

"గవరీ, ఓపాలి సూడు. నా కాలే తొక్కినట్టు నేదూ?"

గవరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముందు దారి సూడు," అంది.

బండి కదిలింది. ఒక చుట్టు, రెండు, మూడు. విజయేందర్ ఫోన్ పట్టుకుని పక్కనే పరుగెత్తాడు.

"కన్నారావ్, జెర ఇటు చూడు. నవ్వు. ఆఁ, గట్ల. రాములన్నా, నువ్వు పక్కకు జరుగు."

ఇంజను ఆపాక విజయేందర్ వంగి బండి చుట్టూ చూశాడు. "ఉస్తాద్, ఏడ దాచినవో నాకే దొరుకుతలేదు," అన్నాడు. రాములుకు ఇన్నేళ్లలో ఎవరూ ఇంత మంచి మాట అనలేదు.

"పనిలోకి ఎప్పుడు రమ్మంటారు బావూ?" అడిగాడు కన్నారావు, మనుషుల చేతుల మీద కిందికి దిగుతూ.

"రేపు నీకు కోర్టు వాయిదా ఉంది కదా. అది కానీ," అన్నాడు విజయేందర్.

పాత ట్రాక్టరు మీద నవ్వుతూ పోయే మనిషి వీడియో ఎప్పుడైనా మీ కంటపడితే అతని పేరు కన్నారావని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మర్నాడు కోర్టులో దాన్ని చూపించి, కాళ్లు పడిపోయాయని ఈ మనిషి ఆడేదంతా నాటకమని చెప్పింది ఆ లారీ యజమాని తమ్ముడు విజయేందరే.