బి షిఫ్టు సంతకం

“ఈ పన్నెండు సంతకాలూ దొంగవే,” అంది నాగవల్లి టీచరు, అంజుమ్ డైరీని బల్ల మీద తెరిచి పెట్టి.

రెండో తరగతి గదిలో శనివారం పేరెంట్స్ మీటింగు. పిల్లల బుల్లి బెంచీల్లో మోకాళ్లు గడ్డాలకు తగిలేలా ఇరుక్కున్న పాతికమంది పెద్దలు ఒక్కసారిగా మెడలు చాచారు. ముందు బెంచీలో యాకూబ్ నిద్రకళ్లు నులుముకున్నాడు. బొల్లారం మందుల ఫ్యాక్టరీలో అతనికి బి షిఫ్టు, మధ్యాహ్నం ఎక్కితే రాత్రి పొద్దుపోయాకే ఇల్లు. పక్కన భార్య సర్వర్ బేగం. ఇద్దరి మధ్యా, జేబు మీద క్లాసు లీడరు బ్యాడ్జితో అంజుమ్. పేరు అంజుమే గానీ ఎవరికీ అంజే రకం కాదు.

“దొంగవంటే ఎట్ల మేడం?” అన్నాడు యాకూబ్.

“మీరే చూడండి. అడ్మిషన్ ఫారంలో మీ సంతకం రైలు పెట్టెల్లా వరసగా ఉంది. మరి ఇదేంటండీ? సంతకమా, సంతలో కోడి కాళ్లకు సిరా పూసి వదిలారా? చేవ్రాలంటే కాస్తయినా చేవ ఉండొద్దూ?”

యాకూబ్ డైరీని దగ్గరికి లాక్కుని చూశాడు. ‘తండ్రి/తల్లి సంతకం’ అని అచ్చేసిన గడిలో ఒక కొక్కెం, దానికొక తోక, తోక మీద చుక్క. రోజుకొకటి చొప్పున రెండు వారాలు.

“గిది నాది కాదు మేడం.”

“విన్నారుగా,” అని టీచరు గదంతా కలయజూసింది. “బడి తెరిచిన రోజే అందరికీ రూల్సు కాగితం ఇచ్చాను. పదకొండో రూలు ఏమిటి? ఫారంలో సంతకం పెట్టినవాళ్లే డైరీలో కూడా పెట్టాలి. అది రూలండీ, గోడకు వేసే వాల్ పేపర్ కాదు.”

“అన్ని రూల్సు పాటిస్తున్నం మేడం,” అంది సర్వర్ బేగం. “గోర్లు ఆదివారం ఆదివారం తీస్తున్న. డబ్బల చిప్స్ పెడ్తలేను. నీళ్ల సీస మీద పేరు రాసిన. మీ భయానికి మా ఆయన సీస మీద గూడ రాసిన. హోంవర్కు పక్కన కూసోబెట్టుకొని నేనే చేపిస్తున్న. ఫారంల సంతకం ఆయనది కదా అని డైరీ గడి మాత్రం ముట్టలే.”

“నేనేమో బి షిఫ్టు,” అన్నాడు యాకూబ్. “పిల్ల బడి నుంచి వచ్చేసరికి నేను ప్లాంటుల ఉంట. నేను వచ్చేసరికి పిల్ల పండుకుంటది. పొద్దుగాల పిల్ల లేసి తయారైతే నేను పండుకోనుంట. రెండు వారాల సంది ఒక్క ఇంట్లనే ఉండి ఫోన్ల మాట్లాడుకుంటున్నం మేడం.”

“అయితే ఎవరు పెట్టినట్టు? నిన్న పాపనే అడిగాను. ఏమందో తెలుసా? ‘ఇంచార్జి పెట్టిండ్రు’ అంది. మీ ఫ్యాక్టరీ ఇంచార్జికి మా రెండో తరగతి డైరీతో ఏం పనండీ?”

యాకూబ్‌కు మిగిలిన నిద్ర కూడా ఎగిరిపోయింది. “మా ఇంచార్జి రాజారావు సారా? ఆయన నా లీవ్ లెటర్ మీదనే సంతకం పెట్టడు. నా బిడ్డ ఎక్కాల మీద పెడ్తడా?”

“ఇగ లీవ్ లెటర్ కూడా డైరీల పెట్టి పంపు యాకూబ్ భాయ్, జల్దీ అయితది,” అన్నాడు వెనక బెంచీ నుంచి అదే ప్లాంటులో పనిచేసే దశరథ్. గది గొల్లుమంది.

టీచరు మాత్రం నవ్వలేదు. పేరులోని నాగు పడగ విప్పింది. “దొంగ సంతకాల పిల్ల లీడరుగా ఉంటే క్లాసంతా అదే నేర్చుకుంటుంది. బ్యాడ్జి ఇచ్చేయమ్మా.”

అంజుమ్ బ్యాడ్జి మీద అరచెయ్యి అదిమి పెట్టింది. “నేను దొంగతనం చెయ్యలే మిస్.”

“చూడమ్మా, అందరి ముందూ మొండికేస్తే ఎలా?” టీచరు చెయ్యి చాచింది. సర్వర్ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యాకూబ్ బెంచీలోంచి ఎలాగో ఊడి బయటపడి, కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. “బేటా, ఏ ఇంచార్జి? పరేషాన్ కాకు, చెప్పు.”

“నువ్వే చెప్పినవ్ కద పప్పా, ఫోన్ల. సంతకం ఎవలు పెట్టాలె అంటే, మా దగ్గర దిగే షిఫ్టోళ్ల సంతకం లేకుంటే ఎక్కే షిఫ్టు ఇంచార్జి పెడ్తడు, పని ఆగొద్దు, అన్నవ్.”

యాకూబ్ నాలుక కరుచుకున్నాడు. “అది మా ప్లాంటు లాగ్‌బుక్కు ముచ్చట మేడం. పని గడబిడల చెప్పి ఉంట.”

“బాగుంది. బడిని కూడా ప్లాంటు చేసేశారు,” అంది టీచరు. “సరే అమ్మాయ్, నాన్న షిఫ్టు దిగాక ఎక్కిన ఆ ఇంచార్జి ఎవరు? పక్కింటావిడా? ఆటో అతనా? ఎవరైనా సరే, సోమవారం పిలిపిస్తాను. ఇక్కడే, ఇంతమంది ముందూ క్షమాపణ చెప్పాల్సిందే.”

అంజుమ్ బ్యాడ్జి మీది చెయ్యి తీయకుండానే టీచరు వైపు చూసింది.

“సోమారం దాంక ఎందుకు మిస్, ఇంట్ల షిఫ్టు దిగినంక నాకు ఇంచార్జి మీరే కద. మీరు హాజరు పిలుసుకుంట ఉంటే నేను డైరీ తెరిచి ఆ గడి మీద ఏలు పెట్టి చూపిచ్చిన, దినాం చూడకుంటనే మీరే పెట్టిండ్రు.”